ఇంజన్ బలం ఒక్కటే చాలదు... కాడి కూడా గట్టిదై ఉండాలి!

బరువు లాగే బండికి క్లచ్, గేరుబాక్సులే ప్రాణం - పంపు పెంచే ముందు రైతులు చూసుకోవలసినవి

చిలకలూరిపేట:

మహాశివరాత్రి దగ్గరపడిందంటే పేట చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ విన్నా రెండే మాటలు. ఒకటి మిరపకోత, రెండోది కోటప్పకొండ తిరునాళ్ళ. పురుషోత్తమపట్నం, కావూరు, యడవల్లి వంటి గ్రామాల నుంచి ఎనభై, తొంభై అడుగుల ఎత్తు విద్యుత్ ప్రభలు కొండకు బయలుదేరతాయి. ఒకప్పుడు ఈ ప్రభలను ఎడ్లు లాగేవి. ఇప్పుడు ఆ పని ట్రాక్టర్లది.

ప్రభ లాగే ట్రాక్టరును ఎప్పుడైనా దగ్గర నుంచి గమనించారా? దానికి వేగంతో పనిలేదు. మనిషి నడకకంటే నెమ్మదిగా కదలాలి. కదిలేటప్పుడు కుదుపు ఉండకూడదు. చక్రం దగ్గర జానెడు కుదుపు వస్తే, తొంభై అడుగుల ఎత్తున అది బారెడు ఊపవుతుంది. నాలుగు వైపులా మోకులు పట్టుకున్న కుర్రాళ్ళ గుండెలు జారిపోతాయి. అందుకే స్టీరింగు దగ్గర ఊళ్ళో కెల్లా నెమ్మదస్తుణ్ణి కూర్చోబెడతారు. అక్కడ పరీక్ష ఇంజనుకు కాదు, డ్రైవరు ఎడమకాలి కింద ఉన్న క్లచ్‌కు.

తిరునాళ్ళ అయిపోగానే అదే ట్రాక్టరు ట్రక్కు తగిలించుకుని కల్లంలోకి వెళుతుంది. టిక్కీలు ఎత్తుకుని డొంక దాటి, రోడ్డెక్కి, గుంటూరు మిర్చి యార్డు దారి పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే చాలా ట్రాక్టర్లు మొరాయిస్తాయి. ఇంజను అరుస్తుంది గాని బండి కదలదు. కాలిన వాసన వస్తుంది. మెకానిక్ షెడ్డులో ట్రాక్టరును నడుమకు రెండుగా విడదీసి పెడతారు. వారం రోజులు పోతుంది. కూలీలు కూర్చుంటారు, సరుకు కల్లంలో ఉంటుంది, ధర ఒకరోజు ఉన్నట్లు మరొకరోజు ఉండదు.

“ఇంజను బలం చాలడం లేదు, కొంచెం పంపు పెంచండి” అని అడిగే రైతులు ఎక్కువ. జబ్బు ఒకచోట, మందు మరోచోట అన్నట్లు ఉంటుంది ఈ కోరిక. బరువు లాగే బండి విషయంలో ముందు చూడవలసింది ఇంజను నుంచి చక్రం దాకా ఆ బలాన్ని మోసుకెళ్ళే సరంజామా. కోడెలు ఎంత బలమైనవైనా కాడి పుచ్చితే బండి కదలదు కదా!

ఒకే బరువు, ఒకే ఇంజను - లెక్క వేరు

ఒక్కో టిక్కీ నలభై, నలభై అయిదు కిలోలనుకుంటే వంద టిక్కీలు నాలుగు టన్నుల పైచిలుకు. ఖాళీ ట్రక్కు బరువు కూడా కలిపితే ఇంచుమించు ఆరు టన్నులు. ఈ ఆరు టన్నులను లాగడానికి ఎంత బలం కావాలి?

చదునైన తారు రోడ్డు మీద బరువులో నూటికి రెండు వంతులు చాలు. అంటే సుమారు 120 కిలోల లాగుడు. మట్టి డొంకలో నూటికి అయిదు వంతులు, అంటే 300 కిలోలు. వానకు నానిన నల్లరేగడిలో నూటికి పది వంతులు, ఒక్కోసారి అంతకు మించి. అంటే 600 కిలోలు. చేను గట్టెక్కినా, వాగులో నుంచి ఒడ్డెక్కినా దీనికి అదనం. ఇరవై అడుగులకు అడుగు లేచే ఏటవాలు ఉంటే ఇంకో 300 కిలోలు కలుపుకోవాలి.

ఇప్పుడు వేగం సంగతి. సెకనుకు ఒక మీటరు చొప్పున 75 కిలోల బలంతో లాగితే అది ఒక హార్సుపవరు. ఆ లెక్కన తారు రోడ్డు మీద ఆరు టన్నులను గంటకు 25 కిలోమీటర్ల వేగంతో లాగడానికి పదకొండు హార్సుపవరు సరిపోతుంది. అదే ట్రక్కును బురద డొంకలో అదే వేగంతో లాగాలంటే 55 హార్సుపవరు కావాలి. 45 హార్సుపవరు ట్రాక్టరు వల్ల కాని పని అది. గంటకు పది కిలోమీటర్లకు దిగితే 22 చాలు. నాలుగు కిలోమీటర్లకు దిగితే తొమ్మిదే!

బరువు మారలేదు, ఇంజను మారలేదు. గేరు మారింది, అంతే. ఇంజను తిరిగే వేగాన్ని తగ్గించి, ఆ తగ్గించినంత మేర మెలితిప్పే బలాన్ని పెంచి చక్రానికి ఇవ్వడమే గేరుబాక్సు చేసే పని. 45 హార్సుపవరు ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు ఇచ్చే మెలి ఎంతంటే, మీటరు పొడవున్న గడ చివర 16 కిలోలు వేలాడదీసినంత. గేర్లు, క్రౌను, చక్రం దగ్గరి పళ్ళు కలిసి వేగాన్ని వంద వంతులు తగ్గిస్తే, ఆ 16 కాస్తా 1600 అవుతుంది. అందుకే లో-గేరులో ట్రాక్టరు ఏనుగులా లాగుతుంది.

అయితే ఆ బలమంతా నేలకు చేరదు. వెనక చక్రాల మీద ఒకటిన్నర టన్నుల బరువు ఉంటే, ఆరిన నేలలో అది తొమ్మిది వందల కిలోల వరకు పట్టు ఇస్తుంది. బురదలో ఆ పట్టు సగానికి పడిపోతుంది. చక్రం అక్కడే తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటుందంటే ఇంజను బలం ఎక్కువైందనే అర్థం. అప్పుడు పంపు పెంచితే గొయ్యి ఇంకా లోతవుతుంది! కావలసింది టైరు పట్టు, చక్రాలకు బరువు దిమ్మలు, ట్రక్కులో తక్కువ సరుకు.

క్లచ్ ప్లేటు ఎందుకు కాలుతుంది?

ఇంజను వెనక తిరిగే ఫ్లైవీలుకు, గేరుబాక్సుకు మధ్య రెండు వైపులా రాపిడి బిళ్ళలు అతికించిన ప్లేటు ఒకటి ఉంటుంది. ప్రెజర్ ప్లేటు స్ప్రింగులు దాన్ని ఫ్లైవీలుకు అదిమి పడతాయి. పెడలు తొక్కితే పట్టు వదులుతుంది. కాలు తీస్తే పడుతుంది. పూర్తిగా వదిలినప్పుడు గాని, పూర్తిగా పట్టినప్పుడు గాని ప్లేటుకు బాధ లేదు. మధ్యలో, ఫ్లైవీలు ఎక్కువ తిరుగుతూ ప్లేటు తక్కువ తిరుగుతూ ఒరుసుకునే ఆ కొద్ది సేపే ప్లేటు ఆయుష్షు తినేది.

బండి కదిలించేటప్పుడు ఈ ఒరిపిడి తప్పదు. ఎంత వేడి పుడుతుందన్నది మనం వేసే గేరు మీద ఉంటుంది. బరువును రెట్టింపు వేగమున్న గేరులో కదిలిస్తే క్లచ్‌లో పుట్టే వేడి రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు. “ఎలాగూ లాగుతోంది కదా” అని మూడో గేరులో బండి ఎత్తే డ్రైవరు, నెలలో చేయవలసిన నష్టం వారంలో చేస్తాడు.

రెండో అలవాటు ఇంకా చెడ్డది. పెడలు మీద కాలు ఆన్చి ఉంచడం. చేలో పనిచేసేటప్పుడు మాటిమాటికీ తొక్కవలసి వస్తుంది గనుక కాలు అక్కడే ఉండిపోతుంది. రోడ్డెక్కాక కూడా తీయరు. కాలి బరువుకే ప్రెజర్ ప్లేటు పట్టు సడలుతుంది. తెలియకుండానే ప్లేటు జారుతూ ఉంటుంది. రిలీజ్ బేరింగు విశ్రాంతి లేకుండా తిరిగి అరిగిపోతుంది. ఏటవాలులో బ్రేకు వేయకుండా సగం క్లచ్ మీద బండిని నిలబెట్టడం కూడా ఈ కోవలోదే.

క్లచ్ అరుగుదల ముందే తెలుస్తుంది. బరువుతో గట్టెక్కేటప్పుడు ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్లే. పెడలుకు మొదట ఉండవలసిన ఆట లేకపోయినా అనుమానించాలి. ఆ ఆట ఎంత ఉండాలో కంపెనీవారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కడ్డీ మర తిప్పి దాన్ని సరిచేయడం అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు బద్ధకించినందుకే అనేక ప్లేట్లు కాలిపోతున్నాయి.

ప్లేటు మార్చేటప్పుడు ప్లేటు ఒక్కటే మార్చి మూసేయడం పొదుపు అనిపిస్తుంది. కాని ట్రాక్టరును విడదీసే కూలి ప్రతిసారీ దండగే. ఒకసారి విప్పాక ప్రెజర్ ప్లేటు స్ప్రింగులు చల్లబడ్డాయా, ఫ్లైవీలు మీద కాలిన మచ్చలు, నెరియలు ఉన్నాయా, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు నడుమ ఉండే చిన్న బేరింగు బాగున్నాయా అన్నవన్నీ చూడాలి. ఫ్లైవీలు ముఖం గీతలు పడితే లేతు మీద సాపు చేయించాలి. ఇంజను వెనక ఆయిలు సీలు కారుతుంటే కొత్త ప్లేటు వేసినా ఆ నూనెకు తడిసి జారుతుంది. అసలు జబ్బు సీలుదైతే ప్లేటును తిట్టి లాభం లేదు.

ఎక్కువ బరువులు లాగేవారు సెరామిక్, లోహపు పొడి కలిపిన బిళ్ళల ప్లేట్లు వేయించుకుంటున్నారు. మామూలు బిళ్ళల కంటే ఇవి వేడికి బాగా తట్టుకుంటాయి. అయితే పట్టు ఒక్కసారిగా పడుతుంది. నెమ్మదిగా వదలడం చేతకాని డ్రైవరు దగ్గర ఈ ప్లేటు ప్రతిసారీ గేరు పళ్ళకు సమ్మెట దెబ్బ వంటిది. ప్రభ లాగే బండికి అసలు పనికిరాదు. రాళ్ళు, ఇసుక, కంకర తోలే బండికి ఉపయోగం.

గేరుబాక్సుకు నూనే రక్తం

ఇంజనాయిలు సకాలంలో మార్చే రైతు కూడా గేరాయిలు సంగతి మరిచిపోతాడు. చాలా ట్రాక్టర్లలో గేర్లు, క్రౌను, హైడ్రాలిక్కు, నూనెలో మునిగి ఉండే బ్రేకులు ఒకే నూనెతో నడుస్తాయి. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు సీలు సందుల్లోంచి నీళ్ళు దిగుతాయి. నూనె పాలలా తెల్లగా మారితే నీళ్ళు చేరినట్లే. ఆ నూనెతో బరువు లాగితే పళ్ళ మీద పొర నిలవదు, బేరింగులు గుంటలు పడతాయి.

కంపెనీవారు చెప్పిన రకం నూనే పోయాలి. చిక్కగా ఉంటే మంచిదని వేరే నూనె పోస్తే నూనెలో పనిచేసే బ్రేకు పట్టు తప్పవచ్చు. నూనె దించినప్పుడు అడుగు బిరడాకు అంటుకున్న పొడి చూడండి. మెత్తటి బూడిద వంటిది మామూలు అరుగుదల. పొరకలు, పంటి ముక్కలు కనబడితే గేరుబాక్సు అప్పుడే నోరు తెరిచి చెబుతున్నట్లు.

పంపు పెంచితే ఏమవుతుంది?

డీజిలు పంపు మర తిప్పి ఇంజనుకు ఎక్కువ చమురు వదలడాన్నే మనవాళ్ళు పంపు పెంచడం అంటారు. లాగుడు కొంత పెరిగే మాట నిజమే. పొగగొట్టం నల్లగా కక్కుతుంది. ఆ నల్లపొగ కాలకుండా పోయిన చమురే. ఇంజను వేడెక్కుతుంది, పిస్టన్లు, వాల్వులు దెబ్బతింటాయి.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. క్లచ్ ప్లేటును, గేరు షాఫ్టులను, క్రౌను పినియన్ పళ్ళను ఫలానా మెలికి తట్టుకునేలా తయారు చేస్తారు. ఇంజను మెలి నూటికి ఇరవై వంతులు పెరిగితే, లో-గేరులో వంద రెట్లయ్యే ఆ అదనపు బలం వెనక షాఫ్టుల మీద పడుతుంది. గొలుసులో బలహీనమైన లంకె ఏదో అది తెగుతుంది. మొదట క్లచ్ జారుతుంది. గట్టి క్లచ్ వేస్తే షాఫ్టు మెలిపడుతుంది. షాఫ్టు గట్టిదైతే క్రౌను పళ్ళు రాలతాయి. ఒకదాన్ని గట్టి చేస్తే దెబ్బ పక్కదానికి పోతుంది. అందుకే మార్పు చేయదలిస్తే చక్రం వైపు నుంచి ఇంజను వైపుకు రావాలి గాని, ఇంజను దగ్గర మొదలుపెట్టకూడదు.

క్లచ్ పెడలే లేని బండ్లు

ఈ సూత్రం ట్రాక్టర్లకే కాదు. మన ప్రాంతంలో పత్తి బోరెలు, కూరగాయలు, గేదెలు తోలే పికప్ బండ్లలో ఎక్కువ భాగం చేత్తో గేరు మార్చేవే. కాని గేరు దానంతట అదే మారే డీజిలు పికప్‌లు కూడా వచ్చాయి. అందులో ఒకటి మన రాష్ట్రంలోనే తయారైంది. తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో ప్రారంభమైంది. ఆ కంపెనీ వి-క్రాస్ పికప్‌లో ఆరు గేర్ల ఆటోమేటిక్ రకాన్ని 2019లో తెచ్చింది. 2022లో టయోటా హైలక్స్ కూడా ఆటోమేటిక్‌తో దేశంలోకి వచ్చింది. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడిగితే, అక్కడి పల్లెల్లో రైతులు గుర్రాలను, పశువులను, గడ్డి మోపులను ట్రెయిలర్లలో వేసి లాగేది ఇటువంటి డీజిలు పికప్‌లతోనేనని చెబుతారు.

వీటిలో ప్లేటు క్లచ్‌కు బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! ఇక్కడ గాలికి బదులు నూనె. ఇంజను తిప్పే రెక్కలు నూనెను విసిరితే ఆ తోపుకు ఎదుటి రెక్కలు తిరుగుతాయి. తిరిగొచ్చే నూనెను మధ్యలో మరో చిన్న రెక్కల చక్రం మళ్ళించి మళ్ళీ పనిలో పెడుతుంది. అందువల్ల బండి కదిలేటప్పుడు ఇంజను మెలి దాదాపు రెట్టింపవుతుంది. ఓడల ఇంజన్ల కోసం జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ 1905లో పేటెంటు పొందిన ఆలోచన ఇది.

సుఖం ఉంది, కుదుపు లేదు. కాని నూనె చిలికితే వేడెక్కుతుంది. వేగం అందుకున్నాక లోపల ఉండే లాకప్ క్లచ్ రెండు వైపులనూ కలిపి పడితే ఆ చిలుకుడు ఆగుతుంది. ట్రెయిలరు లాగుతూ ఏటవాలు ఎక్కేటప్పుడు ఈ లాకప్ జారినా, అసలు పట్టకపోయినా నూనె మసిలిపోతుంది. ఈ నూనె ఎనభై నుంచి తొంభై అయిదు డిగ్రీల వేడిలో హాయిగా పనిచేస్తుంది. నూట ఇరవై డిగ్రీలు దాటితే త్వరగా పాడై, సీళ్ళు గట్టిపడి, లోపలి ప్లేట్లు జారడం మొదలవుతుంది. ఎర్రటి నూనె నల్లబడి కాలిన వాసన వేస్తే పని ముదిరినట్లే.

అమెరికాలో డాడ్జ్ పికప్‌లకు 1989లో కమిన్స్ డీజిలు ఇంజను వచ్చింది. దాని లాగుడు చూసి ముచ్చటపడిన జనం ఇంకా బలం పెంచుకున్నారు. ఇంజను తట్టుకుంది, ఆటోమేటిక్ గేరుబాక్సు తట్టుకోలేకపోయింది. వేలమందికి చేతులు కాలాకే పద్ధతి తెలిసింది. 2001లో షెవర్లే, జి.ఎం.సి. డీజిలు పికప్‌లకు బరువు బండ్ల గేరుబాక్సులు చేసే ఆలిసన్ పేరుగల గేరుబాక్సు అమర్చింది కూడా లాగుడు అవసరం గుర్తించే.

ఇప్పుడు అక్కడ బరువు లాగేవారు పాటించే వరుస ఇది. మొదట నూనె వేడి చూపే మీటరు. తర్వాత నూనెను చల్లబరిచే విడి కూలరు, ఎక్కువ నూనె పట్టే లోతైన అడుగుపళ్ళెం. ఆపైన లాకప్‌లో ఒక ప్లేటుకు బదులు మూడు ప్లేట్లుండే గట్టి కన్వర్టర్. తర్వాత నూనె ఒత్తిడిని పెంచే వాల్వు బాడీ. లోపలి క్లచ్‌లకు మేలు రకం ప్లేట్లు, గట్టి ఉక్కు షాఫ్టులు. ఇవన్నీ అయ్యాక, అప్పటికీ అవసరమైతేనే ఇంజను బలం. డబ్బు తక్కువున్నవాడు మీటరు, కూలరు దగ్గరే ఆగినా లాభమే. ఎందుకంటే గేరుబాక్సును చంపేది చాలాసార్లు వేడే.

పేటలో మనం పంపు దగ్గర మొదలుపెడుతున్నాం. వాళ్ళు ఒకసారి నష్టపోయి పంపును చివరకు నెట్టారు.

లాగడం సరే... ఆపడమో?

బలం పెంచుకునే ఉత్సాహంలో మరిచిపోయేది బ్రేకు. రెండు టన్నుల ట్రాక్టరు ఒక్కటే పది మీటర్లలో ఆగిందనుకుందాం. దాని వెనక బ్రేకు లేని ఆరు టన్నుల ట్రక్కు ఉంటే, అదే బ్రేకు ఎనిమిది టన్నులను ఆపాలి. ఆగడానికి నలభై మీటర్లు పడుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం మళ్ళీ నాలుగింతలు. జాతీయ రహదారి మీద ముందు పోయే లారీ ఒక్కసారి ఆగితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ట్రక్కుకు బ్రేకు ఉండి తీరాలి. రోడ్డెక్కే ముందు ట్రాక్టరు కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపే గొళ్ళెం వేయాలి. చేలో మలుపుల కోసం విడదీసిన ఆ గొళ్ళెం మరిచిపోయి రోడ్డు మీద తొక్కితే ఒకవైపు చక్రమే పట్టి బండి తిరగబడుతుంది. దిగుడులో న్యూట్రల్ చేసి చమురు మిగిల్చామనుకోవడం చావును పిలుచుకోవడమే. ఏ గేరులో ఎక్కగలదో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల నీతి.

బురదలో దిగబడ్డ బండిని లాగేటప్పుడు గొలుసును ట్రాక్టరు కింది డ్రాబారుకే తగిలించాలి. పైనున్న టాప్ లింకు చోట గాని, ఇరుసు మీద గాని కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి పల్టీ కొడుతుంది. రెప్పపాటులో జరిగిపోతుంది. డ్రైవరు దూకే వ్యవధి ఉండదు. దిగబడ్డ చక్రాలకు దుంగ కట్టి ముందుకు పోనివ్వడం కూడా ఇంతే ప్రమాదం. చక్రం తిరగలేనప్పుడు ట్రాక్టరు ఒళ్ళే తిరుగుతుంది. అటువంటప్పుడు సరుకు దించి, మట్టి తవ్వి, వెనక్కి తీయడమే క్షేమం. మడ్‌గార్డు మీద మనుషులను కూర్చోబెట్టడం ఎప్పుడూ కూడదు.

రాత్రివేళ మిర్చి లోడుతో వెళ్ళే ట్రక్కు వెనక ఎర్రదీపం, మెరిసే పట్టీలు లేకపోవడం మరో ముప్పు. వెనక నుంచి గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీవాడికి ట్రక్కు కనబడేసరికే ఆలస్యమవుతుంది. గజం మెరుపు పట్టీ వెల, పోయే ప్రాణం ముందు ఎంత?

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలకు, కంపెనీ తయారీకి భిన్నంగా బండిని మార్చకూడదు. అరిగిన క్లచ్ మార్చుకోవడం, కూలరు బాగుచేయించుకోవడం వంటి మరమ్మతులు వేరు, బండి స్వరూపం మార్చడం వేరు. పరిమితి మించి బరువు వేస్తే 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో 194వ సెక్షను కింద ఇరవై వేల రూపాయలు, అదనపు టన్నుకు రెండేసి వేల చొప్పున జరిమానా ఉంది. పైగా అదనపు సరుకు అక్కడే దించాలి.

కోతలకు ముందు ఒక పూట

ఇంతకూ రైతు చేయవలసింది పెద్ద ఖర్చు కాదు. మిరప కోతలు మొదలయ్యే లోపు ఒక పూట కేటాయిస్తే చాలు. క్లచ్ పెడలు ఆట సరిచూడాలి. గేరాయిలు మట్టం, రంగు చూడాలి. ఇంజను, గేరుబాక్సు కలిసే చోట కింద నూనె చెమ్మ ఉందేమో తడిమి చూడాలి. బ్రేకు రెండు వైపులా సమంగా పడుతోందా, ట్రక్కు కొక్కెం, పిన్ను అరిగాయా, పిన్నుకు తాళం ఉందా పరీక్షించాలి. టైర్ల గాలి చూడాలి. లోడుతో ఒకసారి గట్టెక్కించి క్లచ్ జారుతోందేమో కనిపెట్టాలి. ఆ తర్వాత బండి ఎవరి చేతికి ఇస్తున్నామో ఆలోచించాలి. గట్టి క్లచ్ కొనగలం గాని నెమ్మదైన కాలు కొనలేం.

వంద టిక్కీలు రెండు విడతలుగా తోలితే డీజిలు ఖర్చు కొంత పెరుగుతుంది. ఒకే విడతలో తోలబోయి మధ్యదారిలో క్లచ్ కాలితే, మెకానిక్కు, అద్దె బండి, కూలీలు, పోయిన ధర అన్నీ కలిసి మీద పడతాయి. లెక్క ఎటు మొగ్గుతుందో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తలను తోలేవాళ్ళు మొదట చూసేది వాటి మెడ, గిట్టలు, కాడి అమరిక. ముల్లుగర్ర చివరి సంగతి. ట్రాక్టరుకైనా, పికప్‌కైనా అదే వరస. రేపు కోటప్పకొండ దారిలో ప్రభ ముందు నెమ్మదిగా సాగే ట్రాక్టరు కనబడితే పొగగొట్టం వైపు కాదు, డ్రైవరు ఎడమకాలి వైపు చూడండి. చేదుకో కోటప్పకొండవాడా అంటూ వేలమంది కదులుతున్నా, ఆ కాలు మాత్రం తొందరపడదు.